ల్యాప్‌టాప్ కొన్న ఆరు నెలలకు ‘యాక్టివేట్ విండోస్’ అంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది మల్కాజిగిరి. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని. మా అమ్మాయికి ఇంజినీరింగ్‌లో సీటు వచ్చిందని, చీటీ ఎత్తిన డబ్బుతో మొన్న జూన్ 28న సికింద్రాబాద్‌లో ఒక షాపులో కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం. షాపువాళ్లు ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ పెద్దది వేసి, “విండోస్ కూడా ప్రో వేసిచ్చాం మేడమ్, హోమ్ కన్నా అదే మంచిది” అన్నారు. ఇంటికి తెచ్చిన రెండో రోజే ‘హ్యాక్‌టూల్’ అని ఏదో హెచ్చరిక వస్తే మా అమ్మాయి రిమూవ్ నొక్కేసింది. ఆ తర్వాత ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేదు. క్రిస్మస్ సెలవుల్లో స్క్రీన్ కింద కుడిపక్కన ‘యాక్టివేట్ విండోస్’ అని వచ్చి కూర్చుంది. సెట్టింగ్స్‌లో చూస్తే మీ ఆర్గనైజేషన్ యాక్టివేషన్ సర్వర్‌కి కనెక్ట్ కాలేకపోతున్నాం అని ఉంది. కోడ్ చివర ఎఫ్074. ఆర్గనైజేషన్ అంటే మా స్కూలా? ఒకట్రెండు సార్లు స్కూలు వైఫై వాడాను, దానివల్లా? ఆన్‌లైన్‌లో 499 రూపాయలకు కీ కొంటే వాట్సాప్‌లో ఫొటో పంపారు. మూడుసార్లు కొట్టాను, చివర సీ003 అనే కోడ్ వచ్చింది. షాపుకి ఫోన్ చేస్తే “500 ఇవ్వండి, కుర్రాణ్ణి పంపిస్తా, పది నిమిషాల్లో అయిపోతుంది” అంటున్నారు. పిలిపించమంటారా? అమ్మాయి ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

సమాధానం: టీచర్ గారూ, ముందుగా ఆ కుర్రాణ్ణి పిలిపించకండి. ఆ 500 మీ దగ్గరే ఉంచుకోండి. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మీరు ఇప్పటికే ఒక లైసెన్సుకు డబ్బు కట్టి ఉంటారు, అది ఆ ల్యాప్‌టాప్‌లోనే భద్రంగా ఉండే అవకాశం ఎక్కువ. దాని మీద షాపువాళ్లు వేరే విండోస్ వేసి కప్పేశారు, అంతే. ఫైళ్లకు ఇప్పటికిప్పుడు ఏ ప్రమాదమూ లేదు. యాక్టివేట్ కాని విండోస్‌లో వాల్‌పేపర్, రంగులు మార్చుకోనివ్వదు, ఆ అక్షరాలు తెర మీద కనబడుతూ ఉంటాయి. ఫైళ్లు చెరిపేయదు, కంప్యూటర్‌ని ఆపేయదు. అమ్మాయికి పరీక్షలుంటే అవి అయ్యాకే ఈ పని పెట్టుకోండి.

మీ స్కూలుకు, వైఫైకి ఇందులో ఏ సంబంధమూ లేదు. ఆ ఆర్గనైజేషన్ అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబితే మిగతాదంతా మీకే అర్థమవుతుంది.

వందల కంప్యూటర్లు ఉండే కంపెనీలు, యూనివర్సిటీలు ఒక్కో దానికీ విడివిడిగా కీ, అంటే లైసెన్సు ఉందని చూపే 25 అక్షరాల కోడ్, కొట్టుకుంటూ కూర్చోలేవు. అందుకని మైక్రోసాఫ్ట్ వాళ్లకు కేఎంఎస్ అనే పద్ధతి ఇచ్చింది. సంస్థ తన ఆవరణలోనే ఒక సర్వర్ పెట్టుకుంటుంది, అక్కడి కంప్యూటర్లన్నీ దానితో మాట్లాడి యాక్టివేట్ అవుతాయి. అలా అయిన యాక్టివేషన్ శాశ్వతం కాదు, 180 రోజులే. మామూలుగా ఏడు రోజులకోసారి కంప్యూటర్ ఆ సర్వర్‌ని పలకరించి గడువు మళ్లీ 180 రోజులకు పెంచుకుంటుంది. ఉద్యోగి ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లిపోయి ఆరు నెలలు ఆఫీసు మొహం చూడకపోతే దాని యాక్టివేషన్ దానంతటదే పోతుంది.

షాపుల్లో వేసే ‘యాక్టివేటర్’ చాలావరకు ఈ పద్ధతికి నకలు. మీ ల్యాప్‌టాప్‌లోనే ఒక దొంగ సర్వర్‌ని కూర్చోబెట్టి, నేనే నీ సంస్థను అని విండోస్‌ని నమ్మిస్తుంది. మీ అమ్మాయి రిమూవ్ నొక్కింది దాన్నే అయి ఉంటుంది. విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్ ఇలాంటి వాటిని హ్యాక్‌టూల్, ఆటోకేఎంఎస్ అనే పేర్లతో పట్టుకుంటుంది. అమ్మాయి చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని, ఆ మాట ఆమెతో చెప్పండి. దొంగ సర్వర్ పోయింది గానీ, అప్పటికే వేసిన 180 రోజుల ముద్ర మిగిలింది.

మీరు లెక్కల టీచర్ కదా, జూన్ 28 నుంచి 180 రోజులు లెక్కపెట్టండి. సరిగ్గా డిసెంబర్ 25 వస్తుంది. క్రిస్మస్ సెలవుల్లో ఆ అక్షరాలు ఎందుకు వచ్చాయో, ఎఫ్074 అంటే కేఎంఎస్ సర్వర్ అందుబాటులో లేదని ఎందుకు అంటోందో ఇప్పుడు తెలిసింది కదా. విండోస్ ఆ సర్వర్ కోసమే ఇంకా వెతుక్కుంటోంది.

నా మాట మీదే ఉండిపోవద్దు, మీ కళ్లతో చూసుకోండి. కీబోర్డు మీద విండోస్ గుర్తు ఉన్న మీటను, ఆర్ మీటను కలిపి నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఇంగ్లిషు అక్షరాల్లో ఎస్, ఎల్, ఎం, జీ, ఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ గీత పెట్టి, దాన్ని ఆనుకునే డీ, ఎల్, ఐ అని కొట్టి ఎంటర్ నొక్కండి. స్లాష్ అంటే ముందుకు వాలిన గీత, ప్రశ్నార్థకం ఉండే మీట మీదే ఉంటుంది. కొన్ని సెకన్లు ఏమీ కనబడదు, మళ్లీ మళ్లీ నొక్కకండి. తర్వాత ఒక కిటికీ వస్తుంది. అందులో డిస్క్రిప్షన్ అనే వరస చూడండి. అక్కడ ‘వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్’ అని ఉంటే నేను చెప్పింది ఖాయం. కింద పార్షియల్ ప్రొడక్ట్ కీ అని అయిదు అక్షరాలు కనబడతాయి. అవి టీ83జీఎక్స్ అయితే ఇక సందేహమే అక్కర్లేదు. అది కేఎంఎస్ వాడే సంస్థల కోసం ప్రో ఎడిషన్‌కు మైక్రోసాఫ్ట్ బాహాటంగా ప్రకటించిన కీ చివరి ముక్క. అందరికీ తెలిసిన ఆ కీతో సర్వర్ లేకుండా ఏదీ యాక్టివేట్ కాదు. దాన్ని మీకు ఎవరైనా లైసెన్స్ అని అమ్మితే అమ్మినట్టు కాదు.

ఇక ఆ కుర్రాడి పది నిమిషాల పని. వచ్చి ఏం చేస్తాడంటే, డిఫెండర్‌ని ఆపి, ఆ యాక్టివేటర్‌నే మళ్లీ వేసి, ఈసారి డిఫెండర్ దాని జోలికి పోకుండా ఆ ఫోల్డర్‌ని ఎక్స్‌క్లూజన్స్ జాబితాలో చేరుస్తాడు. అంటే ఇంటికి తాళం వేసి, కిటికీ ఒకటి తెరిచి పెట్టి, దాని వైపు చూడొద్దని కాపలావాడికి చెప్పి వెళ్లినట్టు. ఆ ఫైలు ఎవరు తయారుచేశారో, అందులో ఇంకేం కలిపారో ఆ కుర్రాడికీ తెలియదు. యాక్టివేటర్ల ముసుగులో పాస్‌వర్డ్‌లు లాగేసే ప్రోగ్రాములు పంచడం పాత సంగతే. మీ ల్యాప్‌టాప్‌లో అలాంటిది ఉందని నేను అనడం లేదు. కానీ రెండు రోజులపాటు ఆ ఫైలు అందులో నడిచింది కాబట్టి, పని పూర్తయ్యేదాకా ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు చేయకండి. అందులో నెట్ బ్యాంకింగ్, మెయిల్ వాడి ఉంటే వాటి పాస్‌వర్డ్‌లు మీ ఫోన్ నుంచి మార్చండి, ల్యాప్‌టాప్ నుంచి కాదు. ఖాతాలో ఎప్పుడైనా తేడా కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆ 499 కీ గురించి కూడా ఒక మాట. సీ003 అంటే ఆ కీని మైక్రోసాఫ్ట్ సర్వర్ బ్లాక్ చేసింది అని. ఫొటోలో అక్షరం తప్పు చదివానేమో అని మూడుసార్లు కొట్టారు పాపం. తప్పు మీది కాదు. అయినా ఎప్పుడైనా పనికొస్తుందని చెబుతున్నాను, విండోస్ కీలలో సున్నా, ఒకటి, అయిదు అంకెలు ఉండవు. ఇంగ్లిషు అచ్చులు అయిదూ ఉండవు, ఎల్, ఎస్, జెడ్ అక్షరాలూ ఉండవు. సున్నాలా కనబడేది డీ గానీ క్యూ గానీ అయి ఉంటుంది. ఎనిమిదా బీనా అన్నదే ఎక్కువగా తికమక పెడుతుంది. ఇంత చవగ్గా దొరికే కీలు ఎక్కువగా సంస్థలకు, డెవలపర్లకు ఇచ్చినవి ముక్కలు చేసి అమ్మేవి. కొన్ని కొన్నాళ్లు పనిచేస్తాయి, ఆ తర్వాత ఒకరోజు బ్లాక్ అవుతాయి. ఏ సైట్లో కొన్నారో అక్కడే సీ003 కనబడేలా స్క్రీన్‌షాట్ పెట్టి డబ్బు వెనక్కి అడగండి. ఇంకో కీ పంపుతాం అంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు అసలు పని. మూలన పెట్టిన ల్యాప్‌టాప్ అట్టపెట్టె తీయండి. పారేయలేదని ఆశిస్తున్నాను. దాని పక్కన అతికించిన తెల్ల లేబుల్ మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు, ర్యామ్, ఎస్ఎస్‌డీ వివరాలతోపాటు ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో ఉంటుంది. అక్కడ విండోస్ 11 హోమ్ అని ఉందా, ఫ్రీడాస్ (అంటే విండోస్ లేకుండా అమ్మినది) అని ఉందా చూడండి. మొత్తం కథ ఈ ఒక్క వరస మీద ఆధారపడి ఉంది. పెట్టె లేకపోతే ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్లోని సపోర్ట్ పేజీలో కొట్టండి, చాలా కంపెనీలు ఫ్యాక్టరీ నుంచి ఏ విండోస్‌తో బయటికి వచ్చిందో చూపిస్తాయి. బిల్లు కూడా దగ్గర పెట్టుకోండి.

మీకు “హోమ్ కన్నా ప్రో మంచిది” అన్నారంటే అందులో మొదట హోమ్ ఉండి ఉంటుందనే నా ఊహ. అదే నిజమైతే శుభవార్త. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి కంపెనీ ల్యాప్‌టాప్‌లలో కీని స్టిక్కర్ మీద ముద్రించడం మానేశారు. ఆ 25 అక్షరాల కీని ఫ్యాక్టరీలోనే మదర్‌బోర్డు చిప్పులో రాసేస్తున్నారు. ఎస్ఎస్‌డీ మార్చినా, ఫార్మాట్ కొట్టినా అది చెక్కుచెదరదు. షాపువాళ్లు కాగితం, సీడీ ఇవ్వలేదని కొందరు పాఠకులు కంగారు పడుతుంటారు, ఈ రోజుల్లో అవి రాకపోవడం మామూలే.

మరి ఆ కీ మదర్‌బోర్డులోనే ఉంటే విండోస్ ఎందుకు యాక్టివేట్ కాదు? ఆ కీ హోమ్‌ది, లోపల ఉన్నది ప్రో. హోమ్ కీతో ప్రో తలుపు తెరుచుకోదు. ప్రో మంచిదే, ఎక్కువ సౌకర్యాలున్నదే. కానీ ఇంజినీరింగ్ చదివే అమ్మాయికి ఆ తేడా దాదాపు తెలియనే తెలియదు. మీకు రావలసిన అసలు హోమ్‌ని తీసేసి, డబ్బు కట్టని ప్రోని వేసి, మేలు చేశామని చెప్పడం నాకు బాధగా ఉంది. చీటీ డబ్బుతో కొన్న వస్తువు అది.

ఇంకొకటి అడగాలనుకుంటున్నాను. ఎస్ఎస్‌డీ పెద్దది వేశారన్నారు కదా, ల్యాప్‌టాప్‌తో వచ్చిన పాత ఎస్ఎస్‌డీ మీకు ఇచ్చారా? లేకపోతే దాని ధర తగ్గించినట్టు బిల్లులో ఉందా? అది మీ సొత్తు. ఫ్యాక్టరీ విండోస్ హోమ్, కంపెనీ రికవరీ భాగం దానిలోనే ఉంటాయి.

మళ్లీ హోమ్ వేసుకోవడం ఒక ఆదివారం పూట పని, మీ అమ్మాయే చేయగలదు. సెట్టింగ్స్‌లో ఉండే ‘రీసెట్ దిస్ పీసీ’ మాత్రం ఇక్కడ పనికిరాదు. అది ఉన్న ప్రోనే తీసి మళ్లీ ప్రోనే వేస్తుంది, మీరు మొదటికొస్తారు. ప్రో నుంచి హోమ్‌కి దిగాలంటే పెన్‌డ్రైవ్ నుంచి పూర్తిగా కొత్తగా వేసుకోవాల్సిందే, అంటే ఎస్ఎస్‌డీలో ఉన్నదంతా పోతుంది. కాబట్టి ముందు ఫైళ్లు బయటికి తీయాలి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీటిని ఒక బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించండి. అతి ముఖ్యమైనవి గూగుల్ డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టండి. సీ డ్రైవ్‌లో విడిగా ఫోల్డర్లు చేసుకుని ప్రోగ్రాములు రాసుకుందేమో అమ్మాయిని అడగండి, పిల్లలు మర్చిపోయేది అక్కడే. డీ డ్రైవ్ ఉంటే అదీ చూడండి. షాపువాళ్లు వదిలిన సెటప్ ఫైళ్లు, జిప్ ఫైళ్లు మాత్రం కాపీ చేయకండి. కాపీ అయ్యాక ఆ హార్డ్‌డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూసి, అప్పుడే ముందుకు వెళ్లండి. ఇక్కడ తొందరపడి ఏడ్చినవాళ్లను చాలామందిని చూశాను.

తర్వాత నమ్మకమైన ఇంకో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సొంత వెబ్‌సైట్ నుంచి విండోస్ 11 మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, కనీసం 8 జీబీ ఉన్న ఖాళీ పెన్‌డ్రైవ్ పెట్టి నడపండి, విండోస్ వేసుకునే పెన్‌డ్రైవ్ తయారవుతుంది. మీ స్కూల్ ల్యాబ్‌లో అనుమతి తీసుకుని చేసుకోవచ్చు. అదే పెన్‌డ్రైవ్‌లో మీ ల్యాప్‌టాప్ మోడల్‌కి చెందిన వైఫై డ్రైవర్‌ని (వైఫైని పనిచేయించే ప్రోగ్రాముని) కంపెనీ సైట్ నుంచి దించి ఒక ఫోల్డర్‌లో పడేయండి. కొత్త విండోస్‌కి కొన్నిసార్లు వైఫై కనబడదు, మధ్యలో ఆగిపోతారు. ఆ సమయంలో ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసినా ఇంటర్నెట్ వస్తుంది.

పెన్‌డ్రైవ్ పెట్టి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్, ఇలా కంపెనీని బట్టి ఒక మీట నొక్కుతూ ఉంటే దేని నుంచి మొదలుపెట్టాలో అడుగుతుంది, పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. ఇక్కడి నుంచి జాగ్రత్తగా గమనించండి. బోర్డులో హోమ్ కీ ఉంటే మామూలుగా సెటప్ మిమ్మల్ని కీ అడగదు, హోమా ప్రోనా అని కూడా అడగదు. బోర్డులో ఉన్నది చదువుకుని హోమ్ వేసేసుకుంటుంది. అడగకపోవడమే మంచి శకునం. ఒకవేళ అడిగితే కీ లేదు అనే మాట నొక్కి, జాబితాలో హోమ్ ఎంచుకోండి. ఎక్కడ వేయాలి అని డిస్కులు చూపించినప్పుడు ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీలోని పాత భాగాలను తొలగించి, మిగిలిన ఖాళీ చోటులో వేయండి. ఆ జాబితాలో పెన్‌డ్రైవ్ కూడా కనబడొచ్చు, సైజు చూసి పోల్చుకోండి. బయటి హార్డ్‌డిస్క్ ఆ సమయానికి ల్యాప్‌టాప్‌కి తగిలించి ఉండకూడదు.

చివర్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. అమ్మాయి పేరు మీద, ఆమె సొంత మెయిల్‌తో ఉన్న అకౌంట్ పెట్టండి. షాపువాళ్ల మెయిల్‌తో అకౌంట్ పెట్టి ఇచ్చేయడం చాలాచోట్ల జరుగుతోంది, ఇప్పుడున్న విండోస్‌లో ఎవరి మెయిల్ ఉందో ఓసారి చూసుకోండి. లైసెన్స్ అకౌంట్‌కి ముడిపడితే రేపు ఏదైనా రిపేరు వచ్చినప్పుడు యాక్టివేషన్ పేజీలోని ట్రబుల్‌షూట్‌తో తిరిగి తెచ్చుకోవడం తేలిక. ఇంటర్నెట్ తగలగానే కొద్ది నిమిషాల్లో విండోస్ తనంతట తనే యాక్టివేట్ అవుతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దానిలో యాక్టివేషన్ తెరిస్తే యాక్టివ్ అని కనబడాలి. ఇందాకటి ఎస్ఎల్ఎంజీఆర్ మాట మళ్లీ కొట్టి చూడండి. ఈసారి డిస్క్రిప్షన్‌లో వాల్యూమ్ బదులు ‘ఓఈఎం డీఎం’ అని వస్తే అది మీ ల్యాప్‌టాప్ బోర్డులోంచి వచ్చిన సొంత లైసెన్స్. దానికి 180 రోజుల గడువేమీ ఉండదు.

పెట్టె మీద ఆఫీస్ కూడా ఉందని రాసి ఉంటే, అదే అకౌంట్‌తో వెంటనే దాన్ని తెరిచి యాక్టివేట్ చేయండి. మొదట ఏ అకౌంట్‌తో చేస్తే దానికే ముడిపడిపోతుంది, వాడుకోవడానికి గడువు కూడా ఉంటుంది.

అంతా చేశాక చివర ఎఫ్213 అని కోడ్ వస్తే బోర్డులో కీ దొరకలేదని అర్థం. అప్పుడు పెట్టె మీద మాట చూడాలి. నాకు ఒకసారి ఇలాగే జరిగింది. వారంటీలో మదర్‌బోర్డు మార్చి ఇచ్చారు, ఇంటికొచ్చి చూస్తే విండోస్ యాక్టివేట్ కాలేదు. సర్వీస్ సెంటర్‌లో “విండోస్ మా పని కాదు సార్, కొత్త కీ కొనుక్కోండి” అన్నారు. రెండుసార్లు తిరిగాను. మూడోసారి పెట్టె మీద లేబుల్ ఫొటో, పాత బిల్లు చూపించి, కొత్త బోర్డులో నా కీ మీరే రాయాలి అని గట్టిగా అడిగితే లోపలికి తీసుకెళ్లి అరగంటలో రాసిచ్చారు. అరగంట పనికి మూడు రోజుల తిరుగుడు. అందుకే చెబుతున్నాను, ఆ లేబుల్ ఫొటో ఒకటి తీసి ఫోన్‌లో దాచుకోండి.

పెట్టె మీద హోమ్ అని ఉండి, బోర్డులో కీ లేకపోతే ఫిర్యాదు ముందు షాపులో, తర్వాత కంపెనీ సపోర్ట్‌లో. పెట్టె మీద ఫ్రీడాస్ అని ఉండి, బిల్లులో మాత్రం విండోస్ అని రాసి డబ్బు తీసుకున్నారా, అప్పుడు షాపే బాధ్యత వహించాలి. వెళ్లినప్పుడు గొడవతో మొదలుపెట్టకండి. “అన్నా, బిల్లులో విండోస్ అని రాసినవ్ కదా, నాకు ఒరిజినల్ లైసెన్సే కావాలె. యాక్టివేటర్ వద్దు” అని నెమ్మదిగా, నలుగురు కస్టమర్లు ఉన్నప్పుడు అడగండి. చాలామంది అక్కడే సర్దేస్తారు. సికింద్రాబాద్‌ పార్క్ లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో లైసెన్స్ వివరాలను బిల్లు మీద విడిగా రాసిచ్చే దుకాణదారులూ ఉన్నారు, అందరినీ ఒకే గాటన కట్టకూడదు. మీ షాపువాళ్లు ఒప్పుకోకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. అప్పటికీ కదలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు వెళ్లాలి. వస్తువు ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, షాపు ఎక్కడున్నా మీరు ఉండే చోటే ఫిర్యాదు చేయొచ్చు. అందుకు ఇప్పుడే ఒక పని చేయండి. ఎఫ్074 తెర, ఎస్ఎల్ఎంజీఆర్ కిటికీ, రెండూ కొత్త విండోస్ వేయకముందే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. డిఫెండర్‌లో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిచి, ఆ హ్యాక్‌టూల్ వరస ఇంకా ఉంటే దాని ఫొటో కూడా. ఒకసారి ఫార్మాట్ అయ్యాక ఆ ఆధారాలు మీకు దొరకవు.

నిజంగానే మీరు కొన్నది ఫ్రీడాస్ ల్యాప్‌టాప్ అయి, బిల్లులో విండోస్ మాటే లేకపోతే, అప్పుడు మాత్రం లైసెన్స్ కొనాల్సిందే. కొనేముందు అమ్మాయిని కాలేజీ ల్యాబ్ ఇన్‌చార్జిని అడగమనండి. కొన్ని కాలేజీలకు మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందాలుంటాయి, విద్యార్థులకు ఏం వర్తిస్తుందో వాళ్లకే తెలుసు. ఈలోగా విండోస్ బదులు ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నా సీ, పైథాన్ ల్యాబులు చక్కగా నడుస్తాయి, దానికి కీ గొడవే లేదు. మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగువాళ్ల కోసం ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మీద ఏళ్లుగా పనిచేస్తోంది, ఆసక్తి ఉంటే అమ్మాయికి ఆ దారి కూడా చూపండి.

ఇదే వారం ఇంకో ఇద్దరు అడిగారు కాబట్టి వాళ్లకూ ఇక్కడే చెబుతాను. కోడ్ చివర 2ఎఫ్8ఎఫ్ అని వస్తే ముందు గడియారం చూడండి. తేదీ తప్పుగా ఉంటే యాక్టివేషన్ సర్వర్‌తో సురక్షితంగా మాట్లాడటం కుదరదు. తేదీ, టైమ్ జోన్ సరిచేస్తే చాలాసార్లు అక్కడితో పోతుంది. డెస్క్‌టాప్ ఆపి వేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు, తక్కువ ధరకే దొరుకుతుంది. పాత విండోస్ 7 కీతో కొత్త కంప్యూటర్ యాక్టివేట్ కావడం లేదన్న ఉప్పల్ పాఠకుడికి: ఆ దారిని మైక్రోసాఫ్ట్ 2023లోనే మూసేసింది, కీ మీద ఇక కుస్తీ పట్టకండి.

టీచర్ గారూ, పెట్టె మీద ఏముందో చూశాక నాకు మళ్లీ రాయండి. బిల్లు ఫొటో పంపేటట్టయితే మీ ఫోన్ నంబరు, సీరియల్ నంబరు కనబడకుండా వేలు అడ్డం పెట్టి తీయండి. నాకు కావలసింది ఆ విండోస్ అన్న ఒక్క వరసే.